మొదటి అరగంట మనదే

2022 సెప్టెంబరు మొదట్లో ఒక రాత్రి. కర్నూలు నుంచి ఉలవపాడుకు గ్యాస్ బండలతో పోతున్న లారీ అప్పటి ప్రకాశం జిల్లా కొమరోలు మండలం దద్దవాడ దగ్గరికి వచ్చేసరికి క్యాబిన్‌లో మంటలు లేచాయి. డ్రైవరు బండి ఆపి, దిగి, దూరంగా వెళ్లిపోయాడు. లారీలో ఉన్నవి మూడు వందలకు పైగా సిలిండర్లు. మంట క్యాబిన్ నుంచి వెనక్కి పాకింది. ఆ తర్వాత సుమారు వంద బండలు పేలాయి. పోలీసులు రోడ్డు మీద రాకపోకలు ఆపేశారు. దగ్గర్లోని ఇళ్లవాళ్లను ఖాళీ చేయించారు. లారీ కాలిపోయింది గానీ ఒక్క ప్రాణం కూడా పోలేదు.

అదృష్టం కలిసొచ్చిందని ఊరుకోవచ్చు. కానీ ఆ రాత్రి మూడు పనులు సరిగ్గా జరిగాయి. బండి ఆగింది, రోడ్డు ఆగింది, ఇళ్లు ఖాళీ అయ్యాయి. ఈ మూడింటికీ ఏ యంత్రమూ అక్కర్లేదు, అప్పటి జిల్లా కేంద్రం ఒంగోలు నుంచి ఎవరూ రానక్కర్లేదు. అక్కడున్న వాళ్లు, ఉన్న కొద్ది సమయంలో చేశారు. ప్రమాదకర రసాయనాల విషయంలో అత్యవసర ప్రణాళిక అనే పెద్ద మాటకు అసలు సారం ఇదే. సహాయం వచ్చేలోపు ఎవరు ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి.

ఫ్యాక్టరీ లేకపోయినా

రసాయన ప్రమాదం అనగానే మన మనసు విశాఖ వైపో, పటాన్‌చెరు వైపో పోతుంది. మార్కాపురం అంటే పలకలు, కంభం అంటే చెరువు, గిద్దలూరు అంటే నల్లమల అంచు. ఇక్కడ పొగగొట్టాలు ఎక్కడున్నాయి?

గొట్టాలు లేకపోవచ్చు, రోడ్లు ఉన్నాయి. అనంతపురం నుంచి గుంటూరు పోయే 544డి జాతీయ రహదారి గిద్దలూరు, కంభం మీదుగా సాగుతుంది. నకిరేకల్ నుంచి ఏర్పేడు వైపు దిగే 565 రహదారి యర్రగొండపాలెం, మార్కాపురం, కనిగిరి దాటుతుంది. గుంటూరు–నంద్యాల రైలు మార్గం మార్కాపురం రోడ్, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట దాటి కొండల్లోకి దూరుతుంది. వేరే ఊళ్లలో తయారై, వేరే ఊళ్లలో వాడే సరుకు మన ఊరి మధ్య నుంచి పోతుంది. ఫ్యాక్టరీకి ప్రహరీ గోడ, గేటు, కాపలా ఉంటాయి. ట్యాంకరుకు ఇవేవీ ఉండవు. అది ఏ మలుపులో బోల్తా పడితే ఆ మలుపే ప్రమాద స్థలం.

స్థానికంగా ఉండేవి కూడా లెక్కేసుకోవాలి. గ్యాస్ ఏజెన్సీల గోడౌన్లు, పెట్రోలు బంకులు, పురుగుమందుల దుకాణాలు ఏ పట్టణంలోనైనా ఉంటాయి. నీటి శుద్ధి కేంద్రమంటే క్లోరిన్, ఐసు ఫ్యాక్టరీ అంటే అమోనియా, రాతి గనులంటే పేలుడు మందు. 2021 మే 8న పొరుగునే కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె దగ్గర ముగ్గురాయి గని వద్ద జిలెటిన్ స్టిక్స్ పేలి పది మంది దాకా కూలీలు చనిపోయారు. నల్లమల దాటితే నంద్యాల. 2020 జూన్ 27న అక్కడి ఎస్‌పీవై ఆగ్రో ఇండస్ట్రీస్‌లో అమోనియా లీకై సంస్థ ఉన్నతాధికారి ఒకరు ప్రాణం కోల్పోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ లీకు జరిగి రెండు నెలలు తిరగకముందే ఇది జరిగింది.

బండ ఎందుకు పేలుతుంది

వంటగ్యాస్ సిలిండరులో ఉండేది గ్యాసు అనుకుంటాం. నిజానికి అందులో ఎక్కువ భాగం ద్రవం. ప్రొపేన్, బ్యూటేన్‌లను ఒత్తిడితో అణిచి ద్రవంగా మార్చి నింపుతారు. ఒక లీటరు ద్రవం బయటికి వస్తే దాదాపు 250 లీటర్ల వాయువు అవుతుంది. అంత సరుకు అంత చిన్న బండలో ఇమడటానికి కారణం ఇదే, ప్రమాదమూ ఇదే.

సిలిండరును మంట చుట్టుముడితే లోపలి ద్రవం వేడెక్కి మరుగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ద్రవం తాకుతున్న భాగంలో ఉక్కు కొంత చల్లగానే ఉంటుంది, ఎందుకంటే ఆ వేడిని ద్రవం లాక్కుంటుంది. పైన వాయువు మాత్రమే ఉన్న భాగానికి ఆ రక్షణ లేదు. అక్కడ ఉక్కు 550, 600 డిగ్రీల దాకా కాలితే దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. లోపల ఒత్తిడి పెరుగుతూ, బయట గోడ మెత్తబడుతూ ఒక క్షణంలో చీలుతుంది. ఆవిరి పోకముందే ప్రెషర్ కుక్కర్ మూత ఊడొస్తే ఏమవుతుందో అదే, కాకపోతే ఇక్కడ ఎగజిమ్మేది మండే సరుకు. ద్రవమంతా ఒక్కసారిగా ఆవిరై అగ్నిగోళం లేస్తుంది. ఉక్కు ముక్కలు ఎగిరిపడతాయి. అగ్నిమాపక నిపుణులు దీన్ని బ్లెవీ అంటారు.

అందుకే కాలుతున్న సిలిండర్ల దగ్గరికి పోవడం ధైర్యం కాదు. బుల్లెట్ ట్యాంకరు లాంటి పెద్ద పాత్ర మంటల్లో ఉంటే అన్ని వైపులా 1,600 మీటర్ల మేర జనాన్ని దూరం పెట్టమని ఉత్తర అమెరికా దేశాలు వాడే అత్యవసర స్పందన మార్గదర్శిని చెబుతుంది. మన పల్లెల్లో ఆ దూరంలో ఒక్కోసారి ఊరు ఊరంతా ఉంటుంది. మనకు అలవాటైన తీరు దీనికి పూర్తిగా విరుద్ధం. బండి బోల్తా పడిందంటే చూడటానికి జనం చేరతారు, ఫోన్లు పైకి లేస్తాయి.

మంట లేకుండా లీకు మాత్రమే ఉంటే ఇంకో రకం ముప్పు. ఈ గ్యాసు గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. పైకి లేచి పోదు, నేల మీద పరుచుకుంటూ కాలువల్లోకి, గుంతల్లోకి, పల్లపు వీధుల్లోకి జారుతుంది. గాలిలో సుమారు 2 శాతం కలిస్తే చాలు, అంటుకోగలదు. ఇంట్లో వాడే 14.2 కిలోల బండలో ఉండేది దాదాపు 26 లీటర్ల ద్రవం. అదంతా ఆవిరైతే ఆరున్నర ఘనపు మీటర్ల వాయువు. 2 శాతం లెక్కన అది 300 ఘనపు మీటర్లకు పైగా గాలిని మండేలా మార్చగలదు. నాలుగు మీటర్ల పొడవు, వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గదులు ఆరింటి పెట్టు అన్నమాట. ఇది ఒక్క బండ లెక్క.

1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో జరిగింది ఇలాంటిదే. ఎల్‌పీజీ లీకై మేఘంలా పరుచుకుంది. తెల్లవారే వేళ అంటుకుంది. 60 మందికి పైగా చనిపోయారు. 2024 డిసెంబరు 20న జైపూరు శివార్లలో ఎల్‌పీజీ ట్యాంకరును లారీ ఢీకొన్నప్పుడు కారిన గ్యాసు రోడ్డు పొడవునా వ్యాపించి, ఆగి ఉన్న వాహనాలను కూడా మంటల్లో ముంచింది. ప్రమాదానికి సంబంధం లేని ప్రయాణికులు బస్సుల్లో, కార్లలో చిక్కుకున్నారు. రోడ్డును ఎంత త్వరగా, ఎంత దూరంలో ఆపామన్నది ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

గాలి ఎటు, పొద్దు ఎంత

మండే వాయువు ఒక ఎత్తు, విషవాయువు మరొక ఎత్తు. నీటి శుద్ధికి వాడే క్లోరిన్ పెద్ద ఉక్కు పాత్రల్లో వస్తుంది. 900 కిలోలు పట్టే పాత్రను టన్నర్ అంటారు. క్లోరిన్ గాలి కంటే రెండున్నర రెట్లు బరువు. గాలిలో పది లక్షల వంతుల్లో పది వంతులు ఉన్నా, రక్షణ లేని మనిషి ప్రాణానికి, ఆరోగ్యానికి తక్షణ ప్రమాదం. ఒక టన్నర్‌లోని క్లోరిన్ అంతా వాయువైతే 300 ఘనపు మీటర్లకు కాస్త పైన వస్తుంది. దాన్ని ఆ ప్రమాద స్థాయికి పలచబరచాలంటే మూడు కోట్ల ఘనపు మీటర్ల గాలి కావాలి. పది మీటర్ల ఎత్తు దాకా గాలిలో సమానంగా కలుస్తుందనుకుంటే అది మూడు చదరపు కిలోమీటర్ల మేర వ్యాపిస్తుంది. వాస్తవంలో అలా సమానంగా కలవదు, గాలివాలుకు పొడవాటి తోకలా సాగుతుంది. ఆ తోక ఎంత పొడవుంటుందనేది గాలి మీద, పొద్దు మీద ఆధారపడి ఉంటుంది.

పగలు ఎండకు నేల వేడెక్కి, గాలి సుళ్లు తిరుగుతూ పైకి లేస్తుంది, విషం త్వరగా చెదిరిపోతుంది. రాత్రి నేల చల్లబడుతుంది. నేలను అంటుకున్న చల్లని గాలి పొర పైకి కదలదు. ఆ పొరలో చిక్కిన వాయువు చిక్కగానే ఉండి చాలా దూరం పోతుంది. క్లోరిన్ చిన్నపాటి లీకుకే రాత్రి వేళ రక్షణ దూరం పగటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ పెట్టుకోమని స్పందన మార్గదర్శినులు చెప్పేది అందుకే. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ, రెండూ జనం నిద్రలో ఉన్న వేళలే, గాలి కదలని వేళలే.

నల్లమలకు, వెలికొండలకు మధ్య ఉన్న గిద్దలూరు, కంభం ప్రాంతానికి ఇంకో లక్షణం తోడవుతుంది. కొండవాలు మీద చల్లబడిన గాలి రాత్రిపూట పల్లానికి జారుతుంది. బరువైన వాయువు ఆ దారినే పడుతుంది. వాగు పల్లం, రోడ్డు కింద తూము, లోతట్టు కాలనీ, ఇవి దానికి మార్గాలు. ఇక్కడి ప్రణాళికలో కొండ ఎటు, వాగు ఎటు అన్నది జిల్లా కేంద్రంలో కూర్చుని రాసేవాళ్ల కంటే ఊళ్లో పొలం చేసేవాళ్లకు బాగా తెలుస్తుంది.

సమయం సంగతి చూద్దాం. సెకనుకు రెండు మీటర్ల మెల్లని గాలి మీద మేఘం కిలోమీటరు దూరం పోవడానికి ఎనిమిది నిమిషాలు చాలు. ఒంగోలు నుంచి గిద్దలూరు దాదాపు 140 కిలోమీటర్లు. జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ ఉండేది గన్నవరం దగ్గర కొండపావులూరులో, అక్కడి నుంచి ఇంకా దూరం. ఎంత వేగంగా బయల్దేరినా వాళ్లు వచ్చేది గంటల తర్వాత. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న ఖాళీని స్థానికులే నింపాలి.

మోగని సైరన్

విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గరి ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ నిల్వ ట్యాంకు లాక్‌డౌన్ రోజుల్లో కదలిక లేకుండా ఉండిపోయింది. స్టైరీన్ తనంతట తాను గొలుసు కట్టే స్వభావం ఉన్న ద్రవం. ఆ చర్యలో వేడి పుడుతుంది, వేడికి చర్య ఇంకా వేగం పుంజుకుంటుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, చర్యను ఆపే మందు కలపాలి. ట్యాంకు అడుగున ఉన్న ఉష్ణమాపకం పైభాగంలో పెరిగిన వేడిని పట్టుకోలేదు. ఆవిరి బయటికొచ్చింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల్లో చేరారు.

నీరభ్ కుమార్ ప్రసాద్ నేతృత్వంలోని ఉన్నతస్థాయి కమిటీ 2020 జూలైలో ఇచ్చిన నివేదికలో ఒక అంశం ప్రతి ప్రణాళికకూ పాఠం. ఆ ప్లాంటులో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే ఏర్పాటు ఉంది. ఒక్క చోటా ఎవరూ నొక్కలేదు. పరికరం లేక కాదు, పరికరం ఉండీ మోగలేదు. భోపాల్‌లో బయటి జనం వినాల్సిన సైరన్‌ను మోగిన కాసేపటికే ఆపేశారు. ముప్పై ఆరేళ్ల తేడాతో రెండు చోట్లా లోపం ఒకటే. ప్రమాదం వాసన తెలిసిన మనిషికి, దాన్ని ఊరికి చాటే అధికారం తనదేనన్న నమ్మకం లేదు.

భోపాల్ తర్వాత దేశంలో చట్టాలు వచ్చాయి. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు 1989లో అమల్లోకి వచ్చాయి. నిర్ణీత పరిమాణానికి మించి రసాయనం ఉంచుకునే సంస్థ తన ఆవరణకు సొంత అత్యవసర ప్రణాళిక రాసుకోవాలి, ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలి, గోడ బయట ఉండే జనానికి ప్రమాదం ఏమిటో, అప్పుడేం చేయాలో చెప్పాలి. ఆవరణ దాటి పోయే ప్రమాదానికి ప్రణాళిక జిల్లా యంత్రాంగానిది, దానికి ఏడాదికోసారి రిహార్సల్ జరగాలి. 1996 నిబంధనలు దీనికి తోడుగా జిల్లా కలెక్టరు అధ్యక్షతన సంక్షోభ బృందాన్ని, పారిశ్రామిక ప్రాంతాల్లో స్థానిక సంక్షోభ బృందాన్ని ఏర్పాటు చేయమన్నాయి.

ఇందులో చిల్లు ఎక్కడుందంటే పరిమాణంలో. క్లోరిన్‌కు ఆ పరిమితి 10 టన్నుల దగ్గర మొదలవుతుంది. ఒకటో రెండో టన్నర్లు ఉన్న నీటి కేంద్రం ఆ లెక్కలోకి రాదు. పరిమితికి తక్కువైన ఐసు ఫ్యాక్టరీ రాదు. మన మీదుగా పోయే ట్యాంకరు ఏ ఫ్యాక్టరీ ప్రణాళికలోనూ లేదు. మన ప్రాంతం లాంటి చోట్ల ముప్పు చిన్నదై, చెదిరి ఉంటుంది. అందువల్లే కాగితం మీదికి ఎక్కదు. కానీ పీల్చిన మనిషికి అది పది టన్నుల్లోంచి వచ్చిందా, ఒక టన్నులోంచి వచ్చిందా అన్న తేడా ఏమీ ఉండదు.

ట్యాంకరు వెనక రాసి ఉన్నది

ప్రమాదకర సరుకు తీసుకుపోయే వాహనం మీద మూడు చోట్ల సమాచార పలక ఉండాలని మోటారు వాహనాల నిబంధనలు చెబుతాయి. దాని మీద నాలుగంకెల ఐక్యరాజ్యసమితి సంఖ్య, వజ్రాకారంలో ప్రమాద గుర్తు, అత్యవసర ఫోను నంబరు, ఒక సంకేతం ఉంటాయి. 1075 అంటే వంటగ్యాసు. 1005 అమోనియా, 1017 క్లోరిన్, 1203 పెట్రోలు, 1830 గంధకామ్లం. సంకేతం చివర ఇంగ్లిషు ఈ అక్షరం ఉంటే చుట్టుపక్కల జనాన్ని తరలించే సంగతి ఆలోచించాలని అర్థం.

ఈ నాలుగంకెలు తెలియకపోతే సాయం చేయబోయి చెడుపు చేస్తాం. ఉదాహరణకు నీళ్లు తీసుకోండి. వేడెక్కుతున్న గ్యాస్ ట్యాంకరును దూరం నుంచి నీళ్లతో చల్లబరచడం సరైన పని. అమోనియా మేఘం మీద సన్నని తుంపర కొడితే నీరు దాన్ని పీల్చుకుంటుంది, కానీ నేల మీద నిలిచిన అమోనియా ద్రవంలో నీళ్లు పోస్తే అది ఎగసి మరిగి ఇంకా ఎక్కువ ఆవిరి వస్తుంది. క్లోరిన్ లీకవుతున్న చోట నీళ్లు కొడితే ఆమ్లం ఏర్పడి లోహాన్ని తింటుంది, చిల్లు పెద్దదవుతుంది. ఒకే ఫైరింజను, అవే నీళ్లు, సరుకును బట్టి మందూ అవుతాయి, ముప్పూ అవుతాయి. 101కో 112కో ఫోను చేసేవాళ్లు దూరం నుంచే ఆ సంఖ్య చదివి చెప్పగలిగితే, బయల్దేరే బండి ఏం తీసుకుని రావాలో అప్పుడే తేలుతుంది. చదవడానికి దగ్గరికి మాత్రం పోకూడదు, ఫోను కెమెరాలో పెద్దది చేసి చూస్తే చాలు.

పరుగా, తలుపులు వేసుకోవడమా

పేలే ప్రమాదం ఉంటే దూరం పోవాలి. విషవాయువు అప్పటికే వీధిలోకి వచ్చేసి ఉంటే చాలాసార్లు ఇంట్లోకి పోయి తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, ఫ్యాన్లు ఆపేసి కూర్చోవడమే మేలు. మేఘం దాటిపోయాక తలుపులు బార్లా తీసి బయటికి రావాలి. పరిగెత్తే మనిషి లోతుగా, వేగంగా పీలుస్తాడు. గాలి పోయే దిక్కుకే పరిగెత్తితే విషం వెంటే వస్తుంది. భోపాల్‌లో ఎందరో అలాగే పరిగెత్తారు. తప్పనిసరై కదలాల్సి వస్తే గాలికి అడ్డంగా, పక్కకు పోవాలి. క్లోరిన్ లాంటి బరువైన వాయువైతే మెరక మీదికి ఎక్కాలి. పడిపోయినవాళ్లను లాగడానికి రక్షణ లేకుండా దూకకూడదు. రెండోవాడు, మూడోవాడు కూడా అక్కడే పడిపోతారు. బయటికి తెచ్చినవాళ్ల బట్టలు విప్పి, కళ్లను, ఒంటిని ధారాళంగా నీళ్లతో కడిగాకే ఆసుపత్రి వార్డులోకి తీసుకుపోవాలి.

ఏది చేయాలో ఆ క్షణంలో ఎవరికి వాళ్లు తేల్చుకోలేరు. ఎవరో ఒకరు ఒక్క మాటగా చెప్పాలి. ప్రణాళిక అవసరం అక్కడే.

మండలానికి ఒక కాగితం

మార్కాపురం, గిద్దలూరు లాంటి చోట్ల ఈ ప్రణాళిక వందల పేజీలు కానక్కర్లేదు. నాలుగైదు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే చాలు. మండలంలో ఏ రసాయనం ఎక్కడ, ఎంత ఉంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఈ జాబితా గ్రామ సచివాలయాలు కొన్ని రోజుల్లో తయారు చేయగలవు. దాని చుట్టూ అర కిలోమీటరులో బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి, మంచం దిగలేని వృద్ధులు ఎక్కడున్నారు? రోడ్డును ఏ రెండు చోట్ల ఆపితే వాహనాలు వెనక్కి తిరగడానికి వీలుంటుంది? ఘాట్‌లో సిగ్నలు అందని చోట బండి ఆగిపోతే కబురు ఎవరికి, ఎలా చేరుతుంది? ప్రభుత్వాసుపత్రిలో ఒకేసారి ఎందరికి ఆక్సిజన్ పెట్టగలరు, ఆ సంఖ్య దాటితే ఎటు పంపాలి?

హెచ్చరిక మాట ఎలా పోతుందన్నది వీటన్నిటికంటే పెద్ద ప్రశ్న. మన ఊళ్లలో గుడి మైకు ఉంది, మసీదు మైకు ఉంది, చర్చి మైకు ఉంది. చెత్తబండి మైకూ ఉంది. అర్ధరాత్రి ఊరిని లేపగల శక్తి వీటికే ఉంది. "తలుపులు మూసుకోండి, బయటికి రాకండి" అనే మాట, "ఫలానా వైపు వెళ్లిపోండి" అనే మాట, ఈ రెండూ ముందే రాసి మైకు పక్కన అంటించాలి. దాన్ని చదవడానికి తహసీల్దారు అనుమతి కోసం ఎదురుచూడనక్కర్లేదని రాతపూర్వకంగా చెప్పి ఉండాలి. తప్పుడు హెచ్చరిక ఇస్తే ఊరికి ఒక రాత్రి నిద్ర పాడవుతుంది. నిజమైన హెచ్చరిక ఆగిపోతే ఏమవుతుందో వెంకటాపురం చూసింది.

ఆ తర్వాత ఒకసారి చేసి చూడాలి. మాక్ డ్రిల్ అంటే పగటిపూట, ఫొటోల మధ్య, అందరికీ ముందే చెప్పి చేసే కార్యక్రమంగా మారిపోయింది. ఒక్క రాత్రి, నలుగురికి మాత్రమే తెలిసేలా చేసి, మొదటి ఫోను నుంచి రోడ్డు ఆగేదాకా, మైకు మోగేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకుంటే చాలా బయటపడతాయి. పనిచేయని నంబర్లు, బదిలీ అయిన అధికారులు, తాళం దొరకని గదులు. అందుకే జాబితాలో మనిషి పేరు కాదు, పదవి ఉండాలి. ఆ పదవికి ఒక ఫోను ఉండాలి, మనిషి మారినా నంబరు మారకూడదు.

పెద్ద ఫ్యాక్టరీలున్న జిల్లాలకు చట్టం ఈ పని చేయమని చెబుతోంది. మనకు చెప్పకపోయినా చేయొద్దని ఎక్కడా లేదు. ఆర్డీవో ఒక రోజు కేటాయిస్తే, అగ్నిమాపక కేంద్రం, పోలీసు స్టేషను, ఆసుపత్రి, గ్యాస్ డీలర్లు, నీటి సరఫరా సిబ్బంది ఒక బల్ల చుట్టూ కూర్చుంటే ఆ సాయంత్రానికి మొదటి కాగితం తయారవుతుంది. అందులో తప్పులుంటాయి. మొదటి డ్రిల్‌లో అవి తెలుస్తాయి, రెండో కాగితంలో దిద్దుకోవచ్చు.